కిర్రు మంచం సాక్ష్యం

నేను ఒక నులక మంచాన్ని. తుమ్మ కర్రతో చేశారు. పెళ్లి ముహూర్తం ముంచుకొస్తోందని వడ్రంగి కర్ర ఆరకముందే నన్ను బిగించేశాడు. అది ఎండేసరికి ఒక కోడు వదులైంది. అప్పటినుంచి ఎవరు కదిలినా కిర్రుమంటాను.

పెళ్లికొడుకు మద్దిలేటి మొదటి వారమే నన్ను గోడకు ఆనించి చాప పరిచాడు. కొత్త జంట గుట్టు బయటపెట్టే మంచం ఎవరికి కావాలి? తర్వాత వాళ్లమ్మ పడుకుని తిట్టింది, చుట్టాలు పడుకుని తిట్టారు. తిట్టినవాళ్లే మళ్లీ వచ్చి పడుకున్నారు. మనుషులంతే.

ముసలితనంలో మద్దిలేటే నా దగ్గరికి వచ్చాడు. ఆయన మా ఊరి చెక్కభజన గురువు. చెక్కలు మోగిస్తూ ఆయన అడుగేస్తుంటే చూసి తీరాలి. అంతటివాడు ఒకనాడు అడుగులు నేర్పుతూ తూలి పడ్డాడు. ముందు రాత్రి ఆయనకు కంటిమీద కునుకు లేదని నాకే తెలుసు. "వయసైపాయ, ఇంక చాలించు" అన్నారు ఊళ్లోవాళ్లు. ఆ దిగులుతో పొద్దెక్కేదాకా ముసుగుతన్ని పడుకోసాగాడు. అలా ఒకరోజు మత్తుగా లేచి గడపలో మళ్లీ పడ్డాడు.

ఊరి ఆసుపత్రి నర్సమ్మ వచ్చి చూసింది. "ఈ వయసులో నిద్ర తక్కువైనా, మరీ ఎక్కువైనా పడే ప్రమాదం ఎక్కువ పెద్దాయనా. ఇంకోసారి పడితే తుంటి విరుగుతుంది. నిద్ర బాగా పడుతోందా?"

"పడుకుంటే పీనుగే" అని బొంకాడు. నిజం చెబితే శ్రీరామనవమి భజనలో అడుగు వేయనివ్వరని భయం.

కోడలు ఈరమ్మ ఊరుకోలేదు. "అబద్ధమక్కా! కొన్ని దినాలు మంచం రాత్రంతా కిర్రుమంటానే ఉంటాది."

నన్ను సాక్ష్యానికి పిలిచిన మొదటి మనిషి ఆమె. ఎంత పొంగిపోయానో! అప్పటినుంచి ఈరమ్మ కట్టడి పెట్టింది: నేను మోగిన మర్నాడు ఆయన కూర్చునే పాడాలి. ఆలస్యంగా లేచిన రోజు కాళ్లు కిందపెట్టి, కళ్లు కుదుటపడ్డాకే నిలబడాలి. ఆమె మొగుడు నా కోడుకు చీల కొట్టబోతే ఈరమ్మ సుత్తి లాక్కుంది. అంత తెలివైన మనిషిని నేను చూడలేదు.

నవమి ముందు రాత్రి సంబరంతో ఆయనకు నిద్ర పట్టలేదు. ఆ ఒక్క రాత్రైనా నోరు మూసుకుందామనుకున్నాను. నావల్ల కాలేదు.

"మామా, ఈ పొద్దు అడుగు ఒద్దు" అంది ఈరమ్మ తెల్లారగానే.

"నాకంటే మంచం మాటే ఎక్కువాయనా అమ్మీ?" ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె ఆయన చేయి పట్టుకుంది. "ఎక్కువే మామా. అది నీ మాదిరి బొంకదు."

ఆయన ఏడవబోయి నవ్వేశాడు. శిష్యులు నన్ను భజన జరిగే చోటికి మోసుకెళ్లి నడుమ వేశారు. మద్దిలేటి నా మీద కూర్చుని చెక్కలు అందుకున్నాడు. శిష్యులు చుట్టూ అడుగులు వేస్తుంటే ఆయన నడుము పైన ఒళ్లంతా ఆడింది. ఆ ఊపుకు నా కోడు కిర్రుమంది. ఇన్నేళ్లకు నా కిర్రు తాళంలో పడింది.

భజన ముగిశాక ఆయన నా వదులు కోడును నిమిరాడు. "దీన్ని ఎవురూ బిగించొద్దండ్రా" అన్నాడు.

ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయాడు. నేను నోరు మెదపలేదు.