కొండెక్కే మోటారు

“ఏనుగులాంటి మోటారున్న కరెంటు సైకిలు చూసిపెట్టాను వదినా. నువ్వు కూర్చో, చాలు” అన్నాడు మరిది వస్ఫీ. నుహా ద్రాక్షాకుల్లో బియ్యం పెట్టి చుడుతూనే వింది.

ఆమె ఇల్లు కొండ కింద. పాఠాలు చెప్పే బడి కొండ మీద. మధ్యలో అత్తగారిల్లు. కొండల మీద కట్టిన సాల్త్ ఊళ్లో చదునైన వీధి వెతికినా దొరకదు. భర్త మున్జిర్ బతికున్నప్పుడు కారు అతని పనికే సరిపోయేది; ఆమె మెట్లెక్కే వెళ్లేది. ఇప్పుడు ఆ కారూ లేదు, మోకాళ్లూ మొరాయిస్తున్నాయి. “సైకిలు కూడా కుదరకపోతే ఉద్యోగం మానెయ్. మా ఇంటికొచ్చి అమ్మని చూసుకుందువుగాని” అని వస్ఫీ అందరి ముందూ ఖాయం చేసేశాడు.

శుక్రవారం నమాజయ్యాక దుకాణానికి వెళ్లారు. వస్ఫీ చెప్పిన పెద్ద మోటారునీ, పక్క సైకిలుకున్న చిన్నదాన్నీ విప్పి చూపించమని నుహా దుకాణదారుని అడిగింది. “లోపలేముందో నీకెందుకు? నడుస్తోందిగా!” ఆమె మిక్సీ విప్పిన ప్రతిసారీ మున్జిర్ అనే మాట అది. ఇప్పుడు అనేవాడు లేడు. స్క్రూలు ఊడుతున్నంతసేపూ ఆ మాట కోసమే చెవి ఒగ్గినట్టు నిలబడింది.

పెద్దదానిలో అయస్కాంతాల వలయం చక్రంతో పాటే తిరుగుతుంది. చక్రం నెమ్మదిస్తే అదీ నీరసిస్తుంది. చిన్నదానిలో నడుమ ఒక బుల్లి పళ్లచక్రం, దాని చుట్టూ మూడు. వేలితో తిప్పి చూసింది. లోపలిది ఐదుసార్లు తిరిగితే బయటిది ఒక్కసారి కదిలింది. తగ్గిన వేగమంతా బలంగా మారుతోంది. మళ్లీ తిప్పింది. పొద్దున లేచింది మొదలు తాను తిరిగే తిరుగుళ్లు గుర్తొచ్చాయి: పాలు, బట్టలు, అత్తగారి మందులు, దిద్దాల్సిన పరీక్ష కాగితాలు. బయటినుంచి చూస్తే ఇల్లు తనంతట తానే నింపాదిగా నడుస్తున్నట్టుండేది. మున్జిర్‌కి దీన్ని చూపించి ఉంటే బావుండేది.

“అవి ప్లాస్టిక్ పళ్లు వదినా, అరిగిపోతాయి. పైగా గుయ్యిమని మోత. అన్న పోయి ఏడాదైనా కాలేదు, వీధంతా తిరిగి చూడదూ? పెద్దదాన్ని నేను ఎక్కి చూశాగా, వెన్నలా వెళ్లింది.”

“ఏం పెట్టుకుని వెళ్లావు?”

“ఏం పెట్టుకోవాలి?”

అత్తగారికని తెచ్చిన మఖ్లూబా అన్నం గిన్నె, పుస్తకాల సంచీ, నీళ్ల డబ్బా పెద్ద మోటారున్న సైకిలు వెనక బుట్టలో పెట్టి నుహా తాడు బిగించింది. “రోజూ నేను మోసేవి. ఇప్పుడెక్కు.”

సగం వాలులో పెద్ద మోటారు వేడెక్కి ఆగిపోయింది. వస్ఫీ దిగి, సైకిలు పట్టుకుని, చెమటలు కక్కుతూ వెనక్కొచ్చాడు.

చిన్న మోటారున్న సైకిలుకి నుహా ఆ బరువంతా మార్చి కట్టి, తానే కూర్చుంది. అది నత్తలా, గుయ్యిమంటూ, ఆగకుండా మలుపు దాకా ఎక్కింది. కిటికీలు తెరుచుకున్నాయి.

“ఆపు వదినా! ఊరంతా వింటోంది!”

ఆమె ఒక కాలు నేలకి ఆన్చి వెనక్కి తిరిగింది.

“విననీ వస్ఫీ. ఇన్నేళ్లూ చప్పుడు చేయకుండానే ఎక్కాను. అందుకే ఏం మోస్తున్నానో మీకెవరికీ తెలియలేదు.”