వేళ్ల వెనకవైపు

ఆసుపత్రిలో అన్నిటికంటే కింది అంతస్తులోని ఆ గదికి కిటికీ లేదు. ఆపరేషన్లకు వాడే కత్తెరలూ గుడ్డలూ మూటలు కట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి, క్రిములు లేకుండా చేసి పైకి పంపడం అక్కడి పని. తోడికోడళ్లిద్దరిదీ అదే గది. పెద్దామెది పర్మనెంటు ఉద్యోగం. రెండేళ్ల కిందట చిన్నామెను చేర్పించింది ఆవిడే. శుక్రవారం ఇన్‌చార్జి కాగితం మీద సంతకం పెడితే చిన్నామె కూడా పర్మనెంటు అవుతుంది.

"అప్పటిదాకా నోటికి తాళం వేసుకో," అని పెద్దామె సోమవారం నుంచీ చెబుతూనే ఉంది. "నీ సంగతి నాకు తెలీదా? అన్నం ఒక్క పలుకు మీదుంటే పంచాయితీ పెట్టే రకానివి."

"పలుకున్న అన్నం నువ్వు తింటావా అక్కా?"

"ఇదిగో, ఇదే వద్దన్నది."

పైన చీటీలు రాసే కుర్చీ ఖాళీ అయినప్పుడు చిన్నామెను రమ్మన్నారు. జీతం ఎక్కువ, కిటికీ పక్కన చోటు. వెళ్లలేదు. పిచ్చిదానివన్నారు ఇంట్లో. ఎందుకు వెళ్లలేదో ఆమె చెప్పలేకపోయింది. పొద్దున్నే బోర్డు మీద మోకాలు, కన్ను, గర్భసంచి అని చదువుకుని, ఎవరి మూట వాళ్లకు కడుతుంటే, ముఖం తెలియని మనిషికి ప్రయాణానికి పెట్టె సర్దుతున్నట్టు ఉండేది.

ఆ వారం ఆపరేషన్లు పెరిగాయి. ఆవిరి పట్టాక యంత్రంలోనే మూటల్ని అరగంట ఆరనివ్వాలి. ఇన్‌చార్జి దాన్ని పన్నెండు నిమిషాలకు తగ్గించాడు. మూట మీద అంటించే పట్టీ గీతలు నల్లబడితే చాలు, పైకి పంపేయమన్నాడు.

గీతలు నల్లబడుతూనే ఉన్నాయి. కానీ బుధవారం ఉదయం చల్లారిన మూట మీద చిన్నామె వేళ్లు తిప్పి ఆనించింది. పని నేర్పిన పాత ఆయమ్మ చెప్పిన పద్ధతి అది. "అరచెయ్యి మొరటుదే, గిన్నెలు తోమి తోమి దానికేం తెలీదు. వేళ్ల వెనకవైపు పెట్టు. తడి మూటంటే క్రిములకు తలుపు తీసి రమ్మన్నట్టే." ఇంట్లో కూతురి యూనిఫాం ఆరిందో లేదో కూడా ఆమె అలాగే చూసేది.

తడి. రెండోది, మూడోది కూడా తడే. మూడూ పక్కన పెట్టింది.

"పెట్టెయ్ బండిలో," పెద్దామె గొంతు తగ్గించింది. "కూర్చున్న కొమ్మ నరుక్కుంటావా? ఎల్లుండే సంతకం. నిన్ను తెచ్చింది నేను, నా ముఖమైనా చూడు."

"నీ ముఖం రోజూ చూస్తున్నా. వీటిలో ఒకటి మోకాలిది అక్కా."

పైనుంచి ఫోను మోగింది. కాసేపటికి ఇన్‌చార్జే దిగొచ్చాడు.

"మూటలేవమ్మా? పైన వాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు."

"తడిగా ఉన్నాయి సార్. పన్నెండు నిమిషాలు చాలట్లేదు."

"గీతలు నల్లబడ్డాయిగా?"

"వేడి తగిలిందని చెబుతాయి సార్ అవి. ఆరిందని చెప్పవు."

ఆయన అరచేత్తో మూటను నొక్కాడు. "బానే ఉందిగా!"

"తిప్పి పెట్టండి సార్. వేళ్ల వెనకవైపు."

ఆయన చిరాగ్గా చెయ్యి తిప్పాడు. ఒక క్షణం అలాగే ఉంచాడు.

"ఇన్నాళ్లూ లేంది ఇప్పుడేంటి? నువ్వొక్కదానివే పని చేస్తున్నావా ఇక్కడ?"

"పైన పడుకున్నాయనకు స్పృహ ఉండదు సార్. ఆరిందా అని ఆయన అడగలేడు."

ఆయన ఫోను తీసి, మోకాలి ఆపరేషను గంటన్నర ఆలస్యమవుతుందని చెప్పాడు. అవతలివాళ్లు అన్నవన్నీ విన్నాడు. వెళుతూ వెళుతూ ఆమె వైపు చూడకుండానే, "మళ్లీ మొదట్నించీ పెట్టండి. ఈ మూడూ అరగంట," అన్నాడు.

మిగతావి పన్నెండు నిమిషాలే.

శుక్రవారం కాగితం బల్ల మీదే ఉంది. "చూద్దాంలే," అన్నాడు ఇన్‌చార్జి. ఇంటికి వెళ్లేటప్పుడు పెద్దామె రెండడుగులు ముందే నడిచింది. వీధి మలుపులో ఆగి, "తృప్తిగా ఉందా?" అంది.

"లేదు," అంది చిన్నామె. "సంతకం కావాలి నాకు. అక్కడే ఉండాలి."

సోమవారం మొదటి విడత బయటికి వచ్చింది. చిన్నామె బోర్డు చదువుతోంది. వెనక నుంచి పెద్దామె పిలిచింది.

"ఏయ్, ఇలా రా."

చల్లారిన మూట మీద పెద్దామె చెయ్యి ఉంది, బోర్లా కాదు, తిప్పి. పదిహేనేళ్ల సర్వీసున్న ఆవిడ అలా పెట్టడం ఈ రెండేళ్లలో చిన్నామె ఎప్పుడూ చూడలేదు.

"ఇది ఆరలేదే."

"చెప్పనా సార్‌కి?"

"నువ్వు నోరు మూసుకుని మూటలు కట్టు," అంది పెద్దామె కొంగు సర్దుకుంటూ. "నేను చెప్తా. నా సంతకం ఎప్పుడో అయిపోయింది."