అపోండి నీడలో చేపలు

సరస్సు ఒడ్డున న్యాక్వేరి రేవులో పొద్దున పడవలు ఒడ్డుకు తగిలేసరికి అపోండి తన చోట నిలబడి ఉండేది. ఆడవాళ్లు మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి, పడవవాళ్లతో బేరమాడి, పెద్ద చేపలను గంపలకెత్తుకుని వచ్చి ఆమె నీడలో దించేవాళ్లు. ఒమేనాతో ఎవరికీ దిగులు లేదు. వేలెడు కూడా ఉండని ఆ చేపలను వలల మీద పరిస్తే సాయంత్రానికి ఎండి గలగలలాడతాయి. పెద్ద చేపలతోనే చిక్కు. కిసుము పట్నం నుంచి లారీ మధ్యాహ్నం దాటితేగాని రాదు. అప్పటిదాకా చేప మెత్తబడకూడదు. అపోండి నీడ నూతి అడుగు నీళ్లంత చల్లగా ఉండేది. అందులో పెట్టిన చేపకు లారీ వచ్చేదాకా కళ్లు తేటగానే ఉండేవి.

పొద్దున నీడ పొడుగ్గా పడుతుంది కాబట్టి తగువులుండవు. పొద్దెక్కేకొద్దీ నీడ కురచవుతుంది, గంపలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, నోళ్లు లేస్తాయి. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు అపోండి ఒంటికి చుట్టుకునే లేసో గుడ్డను రెండు చేతులా చాచి పట్టుకుని నీడను వెడల్పు చేసేది. చేతులు పీకేవి. కాస్త దించితే చేపలమ్మే సలోమె ఊరుకునేది కాదు.

“ఏమే అపోండీ, అప్పుడే రెక్కలు ముడిచేస్తున్నావా? నా చేప తోక ఎండలో ఉంది చూడు.”

“తోకే కదే. లారీవాడు తోక చూసి కొంటాడా?”

“నా మొహం చూసి మాత్రం కొంటాడా తల్లీ? ఎత్తు, కాస్త ఎత్తు.”

అందరూ నవ్వేవాళ్లు. అపోండి కూడా నవ్వి చేతులెత్తేది. సాయంత్రం తలా ఒక చేప తలకాయ ఆమెకిచ్చి వెళ్లేవాళ్లు. మొగుడు సరస్సులో పోయాడు, పిల్లలు లేరు. ఒక్క మనిషికి ఆ తలకాయల పులుసూ మొక్కజొన్నపిండి ఉగాలి ముద్దా చాలు.

ఆమెకు మిగిలింది అక్క రుఫీనా ఒక్కతే. ఎదురుగా కనిపించే ద్వీపంలో ఉంటుంది. గాలి బాగుంటే పడవలో సగం పూట దూరం. ఒకనాడు పడవ నడిపే ఒబీరో గట్టుకు వచ్చి, తెడ్డు ఇసుకలో గుచ్చి కబురు చెప్పాడు.

“పిన్నీ, మీ అక్కకు చూపు పూర్తిగా పోయింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఆసుపత్రివాళ్లు మాత్రలిచ్చి పంపేశారు. నిన్నే తలుస్తోంది. చిన్నప్పుడు నీ నీడలో పడుకునేదంటగా? ఒక్కసారి వచ్చి పక్కన కూర్చోమంది.”

“ఇక్కడికి తీసుకురాలేవా నాయనా?”

“పడవలో కూర్చునే ఓపిక ఒంట్లో లేదు పిన్నీ. ఎత్తితే ఎముకలు చేతికొస్తాయి.”

అపోండి ఆ రోజే ఆడవాళ్లను అడిగింది. ఎవరూ వద్దనలేదు. వద్దనడం వాళ్లకు చేతకాదు. “వెళ్లాలి మరి, తోడబుట్టింది కదా” అన్నారు. మర్నాడు పొద్దున గంపలు తెచ్చి ఎప్పటిలాగే ఆమె ముందు దించారు. చేపలు ఆమె కాళ్లకు తగులుతుంటే ఎక్కడికని కదులుతుంది?

అట్లాంటి రోజుల్లో వచ్చింది చల్లపెట్టె.

దాన్ని తెచ్చినవాళ్లు రెండు రకాలు. ఒకరు పేదల మేలు కోరే సంఘంవాళ్లు. ఇంకొకరు ఎక్కడో చలిదేశంలో యంత్రాలు చేసే కంపెనీవాళ్లు. ఇద్దరూ కలిసి భాగస్వాములయ్యారట. ఆ సంగతంతా చెప్పడానికి సంఘం తరఫున బరాసా అనే కుర్రవాడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఇసుకలో దిగబడే బూట్లు. తెల్లటి పెట్టె ఒక గదంత ఉంది, పైన సోలార్ పలకలు. దాన్ని అపోండి నిలబడే చోటి పక్కనే దింపించాడు.

“అమ్మలారా, ఇది పైలట్ ప్రాజెక్టు. అంటే పరీక్ష. వచ్చే వానల దాకా ఇక్కడ ఉంటుంది. బాగా పనిచేసిందని తేలితే ఇంతకన్నా పెద్దది, ఎక్కువ పలకలున్నది, మీ రేవుకే శాశ్వతంగా పెడతారు.”

“పనిచెయ్యకపోతే?” అంది సలోమె.

“పనిచెయ్యకపోతే ఏముందమ్మా, తీసుకుపోతారు.”

అపోండి ముందుకొచ్చింది. “బాబూ, ఆ పెద్దది వచ్చేస్తే నేనిక్కడ నిలబడక్కర్లేదు కదా?”

బరాసా వంగి ఆమె నీడలో చెయ్యిపెట్టి చూశాడు. “బాగా చల్లగా ఉంది పెద్దమ్మా. ఇది మీ పాత పద్ధతి. పాత పద్ధతులంటే మాకు గౌరవమే. పెద్ద పెట్టె వచ్చాక మీరు హాయిగా కూర్చోవచ్చు.”

“కూర్చోను బాబూ. మా అక్క దగ్గరికి వెళ్తాను.”

మొదట్లో పెట్టె బాగానే ఆడింది. అపోండి ఒకరోజు పొద్దుటే మూట కూడా కట్టుకుంది. ఒబీరో పడవ తోయబోతుండగా సలోమె ఒడ్డు వెంట పరుగెత్తుకొచ్చింది. ఆకాశం మబ్బేసింది. పెట్టెలో చేపలు వాసన వేస్తున్నాయి. గంపలు ఎక్కువ, పలకలు తక్కువ. అది పని చేసేది సగం చేపలకే, అదీ ఎండ కాస్తేనే.

“కంపెనీ దొరసాని రేపు వస్తోందట చూడ్డానికి,” అంది సలోమె రొప్పుతూ. “పెట్టె తలుపు తీస్తే ఆవిడ మూర్ఛపోతుంది. దిగవే తల్లీ.”

ఆ రేవులో ఒక మర్యాద ఉంది. చుట్టం చిన్న చేప తెస్తే ఇంటావిడ చూడనట్టు దాంట్లో తన చేప కూడా వేసి వండుతుంది. తిన్నాక, “నువ్వు తెచ్చిన చేప ఊరంతటికీ సరిపోయిందయ్యా” అంటుంది. చుట్టం తెచ్చినదాంట్లో లోటుందని అతను పొలిమేర దాటేదాకా ఎవరూ నోరెత్తరు. ఎత్తితే ఆ ఇంటికి పరువు ఉండదు. చల్లపెట్టె కూడా చుట్టం తెచ్చిందే. లోటు కనపడకుండా నింపాలి. వాళ్లకు ఇంకో ఆలోచనే రాలేదు.

అపోండి మూట ఇసుకలో పెట్టి, పెట్టె గోడకు ఎదురుగా నిలబడి, లేసో చాచింది. మబ్బు వెలుతురులోనూ ఆమె నీడ తెల్లగోడ మీద పడింది. కాసేపటికి లోపల చేపలు బిగుసుకున్నాయి.

మర్నాడు దొరసాని వచ్చింది. తలుపు తీయించి, లోపల తల పెట్టి, చలికి భుజాలు ముడుచుకుని నవ్వింది. “మీకేమైనా ఇబ్బందులున్నాయా?” అని బరాసా చేత అడిగించింది.

“ఏ లోటూ లేదు,” అంది సలోమె. “ఊరంతటికీ సరిపోయింది.”

ఆ తర్వాత అపోండి రోజూ గోడకే నిలబడింది. వచ్చిన చూపరులు ఆమెను పక్కన పెట్టి ఫొటోలు తీసుకున్నారు. ఒకరోజు ఆమె సలోమెను నిలదీసింది.

“నేను నిలబడితేనే పెట్టె చల్లగా ఉంటే, ఇంక నేను వెళ్లేదెప్పుడే?”

“పరీక్ష నెగ్గేదాకానే కదే. నెగ్గితే పెద్దది వస్తుంది. ఓడిపోతే మళ్లీ నువ్వే గతి, చచ్చేదాకా. నీ మంచికే చెప్తున్నా.”

అందులో తప్పు పట్టడానికి ఏమీ కనపడలేదు అపోండికి. అక్కకు ఒబీరో చేత కబురు పంపింది: పెద్ద పెట్టె రాగానే వస్తాను, కాస్త ఓపిక పట్టు. ఒబీరో తిరిగొచ్చి, “ఓపిక పడుతున్నానంది పిన్నీ, తొందరగా రమ్మంది” అన్నాడు. మళ్లీ వెళ్లి మళ్లీ వచ్చాడు. ఆ తర్వాత అక్క మాటలు చెప్పడం మానేసి, “ఉంది” అని మాత్రం అనేవాడు.

బరాసాకు సంగతి తెలుసు. రోజూ చూస్తూనే ఉన్నాడు. ఒకసారి అపోండికి తాగడానికి సీసా నీళ్లిచ్చి, చూపు పక్కకు తిప్పుకుని, “కాస్త దగ్గరగా జరగండి పెద్దమ్మా, పై మూల వెచ్చగా ఉంటోంది” అన్నాడు. పరీక్ష నెగ్గితే అతని కొలువూ నిలబడుతుంది.

వానలు మొదలవ్వకముందే పరీక్ష ముగిసింది. నెగ్గింది. రేవులో షామియానా వేశారు. సోడాలు పంచారు. దొరసాని మాట్లాడితే బరాసా వాళ్ల భాషలోకి తిప్పి చెప్పాడు.

“మేం అనుకున్నదానికన్నా ఎంతో బాగా పనిచేసింది. ఇంత తక్కువ కరెంటుతో ఇంత చల్లదనం ఎక్కడా చూడలేదు. కాబట్టి పెద్ద పెట్టె అవసరమే లేదని తేలింది. ఇకముందు ఇంతకన్నా చిన్నవి, ఇంకా తక్కువ పలకలతో చేసి, చాలా దేశాలకు అమ్ముతాం. మీ సహకారానికి రుణపడి ఉన్నాం.”

చప్పట్లు కొట్టారు. చుట్టం ఇంకా పొలిమేర దాటలేదు మరి.

“ఈ పెట్టె మాకేనా?” అని అడిగింది అపోండి. అడగకూడనిది అడిగినందుకు ముసలివాళ్లు తలలు దించుకున్నారు.

“లేదు పెద్దమ్మా, ఇది రాజధానిలో ప్రదర్శనకు వెళ్తోంది. చిన్నవి తయారయ్యాక మీ రేవు పేరు కూడా పరిశీలిస్తారు.”

కూలీలు పెట్టెకు తాళ్లు కట్టారు. “కాస్త తప్పుకోండి” అన్నారు. అపోండి గోడ దగ్గర నుంచి పక్కకు జరిగింది. నీడ జరగలేదు. అన్నాళ్లూ పడి ఉన్న చోటనే, చేతులు చాచి, లేసో కొంగులు వేలాడేసుకుని, తెల్లగోడకు అంటుకుని ఉండిపోయింది. అపోండి కాళ్ల కింద ఇసుక ఖాళీగా మెరుస్తోంది.

“బాబూ, నా నీడ,” అంది అపోండి.

బరాసా చూశాడు. దొరసానితో ఏదో మాట్లాడి వచ్చాడు. “పెట్టె మీద ఉన్నదంతా పెట్టెతోనే వెళ్లాలట పెద్దమ్మా. ఒప్పందం అట్లాగే ఉంది. గీకి తీయొచ్చు కానీ రంగు పోతుంది, ప్రదర్శనకు బాగుండదు.”

“నేను గీకుతాను బాబూ. రంగు పోకుండా గీకుతాను.”

“లారీ ఆగదు పెద్దమ్మా.”

లారీ నీడను వేసుకుని, గుంటల్లో ఊగుతూ, మట్టిరోడ్డు మీద వెళ్లిపోయింది. పొలిమేర దాటాక సలోమె మొట్టమొదటిసారి నోరెత్తి తిట్టింది. చాలాసేపు తిట్టింది. వినాల్సినవాళ్లు ఎవరూ లేరు. తర్వాత అపోండి వైపు తిరిగింది.

“మరి రేపు మా చేపలెక్కడ పెట్టాలే?”

అపోండి నేరుగా ఒబీరో దగ్గరికి నడిచింది. ఈసారి ఎవరూ వెంట పరుగెత్తలేదు.

ఆ పెట్టె ఇప్పటికీ రాజధానిలో ఒక పెద్ద హాల్లో ఉంది. దానికి కరెంటు పెట్టడం మర్చిపోయారట. అయినా లోపల చల్లగానే ఉందట. గోడల మందం మంచిదని మెచ్చుకుంటున్నారట. న్యాక్వేరిలో మధ్యాహ్నానికి కుక్కలు మెత్తబడిన చేపల కోసం పోట్లాడుకుంటాయి.

నీళ్ల మీద పడవ నీడ పడింది, తెడ్డు నీడ పడింది, ఒబీరో టోపీ నీడ పడింది. అపోండి కూర్చున్న చోట నీళ్లు తళతళలాడాయి. ఒబీరో అది చూసి, తన టోపీ నీడ ఆమె మీద పడేట్టు కొంచెం జరిగి కూర్చున్నాడు.

రుఫీనా చూరు కింద చాప మీద పడుకుని ఉంది. గుడ్డ పక్కకు నెట్టేసింది. పక్కటెముకల మీద చర్మం తప్ప ఏమీ లేదు. అపోండి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పొయ్యిలోంచి తీసిన రాయిలా ఉంది.

“ఎవరు?”

“నేనే అక్కా. అపోండిని.”

రుఫీనా మొహం విప్పారింది. నెమ్మదిగా, నొప్పికి మూలుగుతూ, అపోండి వైపు పొర్లింది. చెల్లెలి పక్కనున్న నేల మీద చెంప ఆనించింది. అక్కడ ఎండ పడి నేల కాలుతోంది. చేత్తో తడిమింది. ఇంకాస్త అవతల తడిమింది. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుంది.

“దాని గొంతు అచ్చంగా దించావమ్మా,” అంది. “చచ్చేదాన్ని మోసం చెయ్యడమెందుకు? మా చెల్లెలు వాకిట్లోకి వస్తేనే తెలిసిపోతుంది నాకు. నిజం చెప్పు, ఎవరి పిల్లవు?”

అపోండి నోరు తెరిచింది. అక్క చెవి ఆమె వైపే ఉంది.

“చేపలమ్మే మనిషిని పెద్దమ్మా,” అంది అపోండి. “అవతలి రేవు నుంచి వచ్చాను. అపోండి పంపింది.”

“అట్లా చెప్పు. దానికి తీరలేదా?”

“తీరలేదు.”

“పని ఎక్కువా?”

“చాలా ఎక్కువ.”

“పాపం, అదెప్పుడూ అంతే. ఎవరేం అడిగినా కాదనదు.” రుఫీనా కళ్లు మూసుకుంది. “వస్తానందా?”

అపోండి తన లేసో విప్పి, కుండలో నీళ్లతో తడిపి, పిండి, అక్క నుదుటి మీద పరిచింది. గుడ్డ చూస్తుండగానే వేడెక్కింది. మళ్లీ తడిపింది.

“వస్తానంది పెద్దమ్మా. బయల్దేరింది.”