ఇంకొకళ్ళకి దొరికి ఉంటేనా

రైల్వే స్టేషన్లో పోయిన వస్తువులు అప్పగించే గదిలో నా ఉద్యోగం. గొడుగులు, చేతికర్రలు, కళ్ళజోళ్ళు, ఒక కట్టుడు పళ్ళ సెట్టు. అరలు చాలక నేల మీద పేరుస్తున్నాను. తెచ్చిన ప్రతివాళ్ళూ వస్తువుతో పాటు ఒక ఉపన్యాసం కూడా ఇచ్చి పోతారు.

"నా కంటబడింది కాబట్టి సరిపోయిందమ్మా. ఇంకొకళ్ళకి దొరికి ఉంటేనా! మనవాళ్ళ సంగతి తెలిసిందేగా."

ఆ వెనక నిలబడ్డాయన చేతిలో ఎవరిదో పర్సుంటుంది. ఆయనా ఇదే మాట. నాకు ఒళ్ళు మండిపోతుంది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండయ్యా బాబూ అని అరవాలనిపిస్తుంది. ఇంత మంచివాళ్ళు, తాము మంచివాళ్ళమని తెలియకుండా బతికేస్తున్నారు!

ఈ ఉపన్యాసాల్లో మా మామగారిని మించినవాళ్ళు లేరు. పాలు పలచబడ్డా, బస్సు ఆలస్యమైనా "ఈ దేశం బాగుపడదు" అనేస్తారు. అలాంటాయన పోయిన వారం రైల్లో ఫోను మరిచిపోయారు. పాత బటన్ల ఫోనే. కానీ అత్తయ్య ఆఖరిసారి మాట్లాడిన మాటలు అందులో రికార్డై ఉన్నాయి. కంప్యూటర్లోకి ఎక్కిస్తానంటే, చెడగొడతానని నా చేతికిచ్చేవారు కాదు.

ఆ నంబరుకి చేస్తే స్విచాఫ్. "ఇంక చెయ్యకమ్మా. ఈపాటికి సిమ్ము విరిచి పారేసుంటారు," అన్నారు. చెయ్యడం మానేశాను. ఆయన కంచం ముందు కూర్చుని, కెలికి, లేచిపోవడం మొదలుపెట్టారు.

ఇంట్లో కుమిలిపోతున్నారని నిన్న నాతో తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాను. మధ్యాహ్నం దాకా ఎవరెవరో ఏవేవో తెచ్చిచ్చారు. ఆయన ఫోను మాత్రం రాలేదు.

"చెప్పానా, రాదని?" అన్నారు.

నాకు కోపం ఆగలేదు. "మీకు ఫోను దొరకడం కావాలా మామయ్యా, మీ మాట నెగ్గడం కావాలా?"

ఆయన కండువాతో మొహం కప్పుకుని ఏడ్చేశారు. నా నోరు పడిపోనూ, ఎందుకన్నానా అనుకున్నాను.

అప్పుడొచ్చింది ఒక నర్సు, డ్యూటీ బట్టల్లోనే, రొప్పుతూ. బల్ల మీద ఫోను పెట్టింది.

"రైల్లో దొరికిందండీ, తేవడం ఆలస్యమైంది. చార్జింగు లేదు. ఎవరైనా చేస్తారేమో, ఆన్‌లో ఉంచుదామంటే దీని పిన్ను ఎక్కడా దొరకదే! వార్డంతా అడిగాను. రోగుల చుట్టాలందరూ సంచులు వెతికారు పాపం. చివరికి ఒక తాతగారి దగ్గర దొరికింది. రాత్రంతా ఆన్‌లో పెట్టి చూశా. ఎవరూ చెయ్యలేదు."

మామగారు ఫోను తీసి నా చేతిలో పెట్టారు. బటన్ నేనే నొక్కాను.

"ఏమండీ, ఎక్కడున్నారు? చినుకులు పడుతున్నాయి. తడవకుండా ఆగి రండి. నేను మెలకువగానే ఉంటా."

నర్సు కళ్ళు తుడుచుకుని, గడియారం చూసుకుని, బయల్దేరుతూ అలవాటుగా అనేసింది.

"నాకు దొరికింది కాబట్టి సరిపోయింది బాబాయిగారూ. మనవాళ్ళున్నారు చూశారూ..."

మామగారు లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు.

"మనవాళ్ళని ఏమీ అనకమ్మా."