ఆ చదువు సంపాదన

ఆ డిగ్రీయే తన భార్యను చంపింది, ఆసుపత్రివాళ్ళు కాగితం మీద రాసిన జబ్బు పేరు వేరే, రాసుకోనీ, అతనికి తెలిసింది అతనికి తెలుసు, అందులో వాదించడానికేమీ లేదు, అయినా అల్లుడు ఒకటే వాదిస్తున్నాడు, పొద్దున్నే పెళ్ళాన్నీ కూతుర్నీ వెంటేసుకుని లేత్ షాపులోకి దిగాడు, తిరుగుతున్న మిషను పక్కన నిలబడి ఫోనులో లెక్కలు చూపిస్తున్నాడు, మూడేళ్ళ ఫీజు, హాస్టలు, ఆపైన ఇంకో రెండేళ్ళు చదివితే గానీ ఎవడూ గుమ్మం ఎక్కనివ్వడట, ఎక్కనిచ్చినా ఇచ్చే జీతం ఇదీ మామయ్యా, అని తెర తెచ్చి ముఖం దగ్గర పెడతాడు, అతనికి కళ్ళద్దాలు జేబులోనే ఉన్నాయి, తీయదలుచుకోలేదు, మిషను మీద పంపు షాఫ్టు ఉంది, మధ్యాహ్నానికల్లా ఇవ్వాలి, కొసలో ఇంకా వెంట్రుకవాసి తీయాలి, అందుకు చెయ్యి కుదురుగా ఉండాలి, వీళ్ళు ఉండనిస్తేనా, మనవరాలి చదువు ఖర్చు నాది అని ఎప్పుడో దానికి పాలపళ్ళు ఉన్న రోజుల్లో అన్నాడు, ఆ మాటే ఇప్పుడు మెడకు చుట్టుకుంది, ఫిలాసఫీకైతే కట్టను అని ఒక్క ముక్క అనేయి నాన్నా, మా మాట లెక్కచేయదు గానీ నీ మాటకి ఆగుతుంది, అంటోంది కూతురు, ఆగాల్సిన పిల్లేమో ఇనప స్టూలు మీద కాళ్ళూపుకుంటూ కూర్చుంది, దాని తండ్రి బ్యాంకులో అప్పులిచ్చే సీట్లో ఉంటాడు, ఈ చదువుకని ఎవడైనా అప్పుకొస్తే నేనైతే సంతకం పెట్టను అంటున్నాడు, మరి నువ్వు చదివిన కెమిస్ట్రీ బ్యాంకులో ఎందుకు పనికొచ్చింది నాన్నా, కౌంటర్లో యాసిడ్ గానీ అమ్ముతున్నావా అంది పిల్ల, నోర్ముయ్యి అంది తల్లి, అతనికి నవ్వు రాబోయి ఆగిపోయింది, ఆ విరుపు, అనేశాక కాస్త ఆగి ఎదుటివాడి ముఖంలోకి చూడటం, అచ్చం దాని అమ్మమ్మది, చూసేసరికి ఒళ్ళు మండింది.

కూతురి పెళ్ళి చేశాక, తోటివాళ్ళంతా మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునే వయసులో, దూరవిద్యలో చేరింది ఆమె, ఇన్ని చదువులుండగా ఫిలాసఫీ, పక్కన మోటార్ల వైండింగ్ షాపువాడు రోజూ ఎగతాళి, వదినగారు తత్త్వం చదువుతోందంటగా, ఇక నీకు మోక్షం గ్యారంటీ, రిపేరు బిల్లులు ఎవరికిస్తావు అని, ఆమేమో పుస్తకం గూట్లో నిలబెట్టి చదువుతూ కుక్కరు కూతలు వినపడక అన్నం మాడ్చేది, మాడిన అన్నం వడ్డించి ఏమండీ అనేది, మాట ఇచ్చినవాడు ఆ సంగతే మర్చిపోయాడనుకోండి, అప్పుడు మాట ఉన్నట్టా, పోయినట్టా, ముందు కూరలో ఉప్పు ఉన్నట్టా పోయినట్టా చూడు అనేవాడు తను, ఆమె నవ్వేది, నవ్వి పుస్తకంలో ఏదో గీసుకునేది, గీసుకోనీలే అని ఊరుకున్నాడు, మనిషిని కొట్టనివాడు, తిట్టనివాడు, ఫీజు కట్టినవాడు, ఇంకేం చేయాలి మొగుడన్నవాడు.

ఊరుకున్నందుకు తగిన శాస్తి ఆసుపత్రిలో జరిగింది, ఆపరేషన్ చేస్తే ఇంకో ఏడాది ఉండొచ్చు అన్నాడు డాక్టరు, ఉండొచ్చు అంటే చాలదా, ఇంకెవరైనా అయితే చేతులు జోడించి చేయండి బాబూ అనేవాళ్ళు, ఈవిడ మంచం మీద లేచి కూర్చుని, డాక్టరుగారూ, ఇందులో మీకు తెలిసిందెంత, మీరు ఊహిస్తున్నదెంత, రెండూ విడదీసి చెప్పండి అంది, ఆ డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు, తెలిసింది తక్కువేనమ్మా అన్నాడు, ఆ ఏడాది కాళ్ళ మీదా, మంచం మీదా అంది, మంచం మీదే అన్నాడు, అయితే వద్దు, ఇంటికి పోతాను అంది, ఇదంతా అతను మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు, తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది, నర్సు చెప్పింది, మంచం పక్కన నిలబడి అరిచాడు, నీకెవరిచ్చారు ఆ హక్కు అన్నాడు, ఆమె అతని చెయ్యి పట్టుకుని, కోపం వస్తే రానీండి, కానీ నేనన్న దాంట్లో తప్పెక్కడుందో చూపించండి, చూపిస్తే కత్తి కింద పడుకుంటాను అంది, ఎక్కడ చూపిస్తాడు, ఊరి బళ్ళో ఏడో తరగతి, పంతులుగారు ప్రశ్న అడిగితే జవాబు ఉండేది, జవాబు రాకపోతే బెత్తం ఉండేది, మాటలో తప్పు వెతకడం ఏ పాఠంలోనూ లేదు, వెతికాడు, ఆమె పోయేదాకా వెతికాడు, పోయాకా వెతుకుతూనే ఉన్నాడు, దొరకలేదు, మామూలుగా పోతే ఏడ్చి ఊరుకునేవాడు, ఓడించి మరీ పోయింది.

పోనీ అత్తయ్యనే తీసుకోండి మామయ్యా, అల్లుడి గొంతు, తప్పుగా అనుకోకండి గానీ అంత కష్టపడి చదివారు, ఆ చదువు మూలాన ఈ ఇంటికి ఏం వచ్చింది, మీరే చెప్పండి, అతను తలెత్తాడు, ఏమీ రాలేదని చెప్పడానికే ఎత్తాడు, మాట నాలుక మీదికి వచ్చింది, ఎదురుగా మిషను తిరుగుతోంది, ఇనప తరుగు చుట్టలు చుట్టలుగా రాలుతోంది, ఈ మిషను ఇంకా ఇక్కడెందుకుంది, ఆమె ఆసుపత్రిలో ఉన్న ఆ వారం దీనికి బేరం అయిపోయింది కదా, వైండింగ్ షాపువాడు తెచ్చిన ఆసామి పునాది బోల్టులు కూడా చూసుకుని వెళ్ళాడు కదా, ఆపరేషన్‌కి ఆ డబ్బే, వేరే దారి లేదు, ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పాలా, మంచం పక్కన కూర్చుంటే అతని చెయ్యి తిప్పి గోళ్ళు చూసింది, పెళ్ళైనప్పటి నుంచీ నల్ల నూనె వదలని గోళ్ళు, తెల్లగా ఉన్నాయేంటండీ అంది, తీరిక దొరికి కడుక్కున్నానన్నాడు, ఆ మర్నాడే డాక్టర్ని అడిగింది, ఇంటికి రాగానే మొదటి మాట, షాపు తెరిచారా అని, విసుక్కున్నాడు తను, చావుకి దగ్గరపడ్డ మనిషికి షాపు గొడవెందుకని, మిషను లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడో చూసుకుంది, తనకొచ్చే ఏడాదిని చూసుకుంది, తేల్చేసింది, అంటే ఆ చదువు సంపాదన ఇదీ, దాన్ని రోజూ కూర్చుని తింటున్నది అతనే, ఆమె ఒక్క ముక్క అందా, మీ కోసమే వద్దంటున్నానని ఒక్కసారి అందా, అనుంటే తప్పు దొరికేది, నా మిషను నా ఇష్టం, అమ్ముకుంటాను, నువ్వెవరు లెక్కేయడానికి అనేవాడు, గెలిచేవాడు, అసలు కారణం మింగేసి మిగతాదంతా ముందు పెట్టింది, అందుకే తప్పు దొరకలేదు, అంత మోసం.

మిషను ఆపాడు, చేర్పించండి, ఫీజు నేను కడతాను అన్నాడు, అల్లుడు ఫోను జేబులో పెట్టుకుని, ఏం లాభం చూసి మామయ్యా, అదొక్కటి చెప్పండి అన్నాడు, మనవరాలు కాళ్ళూపడం మాని అతని ముఖంలోకే చూస్తోంది, కారణం కోసం, దానికి కారణం కావాలి, అందరికంటే దానికే కావాలి, కారణం గొంతులోనే ఉంది, నువ్వూ అడక్కు అన్నాడు దానితో, ఎవరూ అడగొద్దు, ఈ ఇంట్లో ఆ చదువు లాభనష్టాల మాట నా ముందు ఇక ఎత్తొద్దు, ఎత్తినా నా నోట జవాబు రాదు, బతికున్నన్నాళ్ళూ రాదు.