ఆఖరి ముక్కలో సగం

శుక్రవారం ఉదయం గోర్మ్ అదే ప్రశ్న మళ్లీ అడిగాడు.

"సిసెల్, ఈ గీత ఎందుకు లేచింది?"

"తెలీదు."

"సోమవారం థీసిస్ ఇవ్వాలి. అందులోనూ తెలీదనే రాస్తావా?"

"రాయనిస్తావా?"

"రాయనివ్వను."

ఆర్హుస్ నగరంలో ఒక ఆస్పత్రి నేలమాళిగలో వాళ్ల ప్రయోగశాల ఉంది. గోర్మ్ దాని అధిపతి. సిసెల్ ఆయన దగ్గర పరిశోధన చేస్తోంది. మనిషి సుఖం మెదడులో రెండు పనులుగా జరుగుతుందన్నది ఆమె విషయం. కావాలనిపించడం ఒకటి, దొరికాక బాగుందనిపించడం మరొకటి. రెండింటికీ మెదడులో వేరు వేరు తావులున్నాయి. పండు కనబడగానే మనిషిని చెట్టు వైపు నడిపించేది మొదటిది. నోట్లో పడ్డాక అది తినదగ్గదో కాదో చెప్పేది రెండోది. పండు చూసి కూడా కూర్చున్నచోటి నుంచి కదలని వాళ్లు పూర్వం ఉండే ఉంటారు. వాళ్లకు మనవలు లేరు. మనమంతా కదిలినవాళ్ల సంతానం.

ప్రయోగం సులువైనదే. స్కానర్‌లో పడుకున్న మనిషి నాలుక మీద పంపుకు తగిలించిన సన్నటి గొట్టంతో చక్కెర నీళ్ల చుక్క వేస్తారు. ఎంత బాగుందో అతను మీట నొక్కి పదికి మార్కులు వేస్తాడు. కోరిక పుట్టే తావు ఎంత పనిచేస్తోందో కంప్యూటర్ తెర మీద ఒక గీత చూపిస్తుంది. చుక్కలు పడుతున్నకొద్దీ మొహం మొత్తి కోరిక తగ్గాలి. చాలామందిలో తగ్గింది. కొందరిలో మాత్రం చుక్క వేయని సమయంలో కోరిక గీత ఒక్కసారిగా లేచింది, పడింది, మళ్లీ లేచింది.

సిసెల్ పంపు మార్చింది. తల కదిలిందేమో లెక్క కట్టింది. స్కానర్ కంపెనీ మనిషిని పిలిపించింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"సాయంత్రంలోగా కారణం దొరక్కపోతే ఈ అధ్యాయం తీసేద్దాం" అన్నాడు గోర్మ్.

అది తీసేస్తే మిగిలింది పట్టాకు సరిపోదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

చివరగా స్కాన్ చేయాల్సిన మనిషి ఎస్కిల్. ఫెర్రీ నడిపి రిటైరయ్యాడు. నియమం ప్రకారం పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, ఆ మాట వచ్చినప్పటి నుంచి మూడుసార్లు చెప్పాడు. సిసెల్ అతని గొంతుకు ఒక పట్టీ అంటించింది. మింగినప్పుడల్లా తెర మీద గుర్తు పడుతుంది. కళ్ల పైన చిన్న అద్దం బిగించింది. స్కానర్ గొట్టంలో పడుకున్నవాళ్లకు బయట కాస్త కనిపిస్తే ఊపిరాడనట్టు ఉండదు.

అతణ్ణి లోపలికి పంపి ఆమె వచ్చేసరికి పక్కనున్న కంట్రోల్ గదిలో శుక్రవారం కేకు నడుస్తోంది, వారానికొకరు వంతుగా తెస్తారు. ఈసారి వంతు మాల్టెది. పంపు చూసుకునేది అతనే. బ్రూన్స్‌వీగర్ అనే పెద్ద కేకు తెచ్చాడు, పైన గుంటలు పడి, వాటిలో వెన్నతో కరిగిన బ్రౌన్ షుగర్ నిలిచి ఉంది. స్కానర్ గదిలోకి చూసే కిటికీ పక్క బల్ల మీద పెట్టాడు. వచ్చినవాళ్లు తిన్నారు. గోర్మ్ తినలేదు.

"తీపి మీద నాకు ఆసక్తి లేదు."

"తీపి మీద ఇరవై ఏళ్లు పనిచేసి ఈ మాటా?" అన్నాడు మాల్టె.

ఒక్క ముక్క మిగిలింది. ఆఖరి ముక్క తీసుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఎప్పటిలాగే పక్క గదిలోంచి ఒకరొచ్చి దానిలో సగం కోసుకుని వెళ్లారు. ఇంకొకరొచ్చి ఆ సగంలో సగం కోసుకున్నారు.

తెర మీద ఎస్కిల్ మింగిన గుర్తు పడింది. చుక్క వేయలేదు. సిసెల్ పంపు చూసింది, ఆగే ఉంది. మాల్టె కత్తి తీసుకుని మిగిలినదాన్ని మళ్లీ సగం చేశాడు. ఎస్కిల్ మళ్లీ మింగాడు.

సిసెల్ మైకు నొక్కింది. "ఎస్కిల్, నోట్లో ఏమైనా పడిందా?"

"నాకేం పడుతుందమ్మాయ్? పడేదంతా అతనికే కదా!"

"ఎవరికి?"

"ఆ గడ్డం అబ్బాయికి. ఎంతసేపు నరుకుతాడు దాన్ని? తింటే తినమను, లేకపోతే నాకు దాచమను."

మాల్టె కత్తి బల్ల మీద పెట్టాడు.

"మీకు ఇక్కడిదంతా కనిపిస్తోందా?"

"అద్దం పెట్టింది నువ్వే కదా. కిటికీ, బల్ల, కేకు. ఇంకేం లేదు చూడ్డానికి."

సిసెల్ కంప్యూటర్‌లో పాతవాళ్ల తేదీలు తెరిచింది. గీత లేచినవాళ్లంతా శుక్రవారాల్లో వచ్చినవాళ్లే. మిగతా రోజుల్లో వచ్చినవాళ్లలో ఒక్కరికీ లేవలేదు.

గోర్మ్ ఆ తేదీలు రెండుసార్లు చదివాడు.

"కాకతాళీయం కావచ్చు."

"అయితే నువ్వే పడుకో" అంది సిసెల్. "నువ్వు తినలేదు. తీపి మీద ఆసక్తి కూడా లేదు."

ఎస్కిల్ బయటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గోర్మ్ వాచీ, బెల్టు తీసి, పట్టీ, అద్దం పెట్టించుకుని లోపల పడుకున్నాడు. సిసెల్ కిటికీ తెర మూసింది. మాల్టె కేకును అటూ ఇటూ జరిపాడు. గీత కదల్లేదు. ఆమె తెర తీసింది. మాల్టె కత్తి ఎత్తి, అరచేతిలో సగం కూడా లేని ముక్కను మెల్లగా రెండు చేశాడు.

గీత లేచింది. గోర్మ్ మింగాడు.

"నాకేం అనిపించలేదు" అని స్పీకర్‌లో గొంతు వినిపించింది.

"నీ మెదడు చెప్పేది వేరేగా ఉందిలే" అన్నాడు మాల్టె.

సిసెల్ తెర మళ్లీ మూసింది, గీత పడిపోయింది. తీసింది, లేచింది.

గోర్మ్ బయటికొచ్చి బెల్టు పెట్టుకుంటూ గీతను చూశాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే ఆ రెండు ముక్కలూ తీసి నోట్లో వేసుకున్నాడు.

"మార్కులు?" అంది సిసెల్.

"మూడు. ఎండిపోయింది."

"అంత లేచిందానికి మూడేనా?"

గోర్మ్ నమలడం ఆపాడు. గీత వైపు చూసి, ఆమె వైపు చూశాడు.

"కోరిక ఇంత, బాగుండటం ఇంత" అని చేతులతో ఎడం చూపించింది సిసెల్. "చక్కెర నీళ్లతో నేను ఇంత ఎడం ఎప్పుడూ చూపించలేకపోయాను."

"మనం చేసింది పొరపాటు. ముందు అది రాయాలి."

"మొదటి వాక్యంలోనే రాస్తాను."

"శుక్రవారం వాళ్లను విడిగా పెట్టు. మిగతా రోజులవాళ్లతో పోల్చు. నా గీత మాత్రం వెయ్యకు."

"అధ్యాయం?"

"ఉంటుంది."

సిసెల్ పెద్దగా నవ్వింది. మాల్టె కూడా నవ్వాడు.

"అందరూ బానే ఉన్నారు" అన్నాడు ఎస్కిల్ కుర్చీలోంచి. "ఆ ముక్క కూడా ఆయనే తిన్నాడు. పొద్దుటి నుంచి ఏమీ తిననివాణ్ణి ఇక్కడ ఒకణ్ణున్నాను."

"లేవండి" అంది సిసెల్, కోటు వేసుకుంటూ. "రాయడానికి రెండు రోజులున్నాయి. బేకరీ ఇంకాసేపట్లో మూసేస్తారు."