వస పోసినా రాని మాట

నేను ఒక వసకొమ్మును. తడినేలలో పుట్టి, ఎండకు ఎండి, గుడివాడలో ఒక మూలికల కొట్టుకు చేరాను. చూడ్డానికి ముడుచుకుపోయిన అల్లంముక్కలా ఉంటాను గానీ, నా ప్రతాపం తక్కువేమీ కాదు. నన్ను దీపానికి కాల్చి, సానమీద అరగదీసి, పసిపిల్లల నాలుకకు రాస్తారు. పిల్ల గలగలా మాట్లాడితే ఆ గొప్పంతా నాదే, వసపిట్ట అని మురిసిపోతారు. మాట్లాడకపోతే మాత్రం నన్నెవరూ ఏమీ అనరు. తల్లిని అంటారు.

నన్ను కొన్నది నాంచారమ్మ. ఆమె మనవడు రుత్విక్‌కు నాలుగేళ్ళు నిండినా మాట లేదు, పిలిస్తే తిరిగి చూడడు. తిరిగే ఫ్యాను చూస్తూ మాత్రం ఎంతసేపైనా నవ్వుకుంటాడు.

"పురిట్లో వస పోద్దామంటే మీ అమ్మ వద్దంది. ఇప్పుడు చూడు, నా వంశం మూగబోయింది" అని నాంచారమ్మ కోడలు హరితను రోజూ దెప్పేది. హరిత ఎదురు చెప్పేది కాదు. అదే నిజమేమోనన్న భయం ఆమెకూ ఉంది. నా పేరు పెట్టి ఆ పిల్లను అలా కాల్చుకు తింటుంటే నాకు సిగ్గేసేది.

ఒక ఉదయం హరిత బట్టలారేయడానికి డాబా ఎక్కగానే నాంచారమ్మ నన్ను చిక్కగా అరగదీసి మనవడికి గిన్నెడు పట్టించింది. వాడు కక్కి కక్కి తోటకూర కాడలా వాలిపోయాడు. పరుగున ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

వాడు తేరుకున్నాక డాక్టరమ్మ చాలాసేపు వాడితో ఆడింది, హరితను ఎన్నో అడిగింది. నాంచారమ్మ కొంగుముడి విప్పి, అరగ్గా మిగిలిన నన్ను బల్లమీద పెట్టింది.

"మామ్మగారూ, ఇది మాటలు తెప్పించదు, ప్రాణంమీదికి తెస్తుంది" అంటూ డాక్టరమ్మ నన్ను చెత్తబుట్టలో వేసింది. "బాబుది ఆటిజంలా ఉంది. ఇంకా పరీక్షలు చెయ్యాలి. ఇది మెదడు ఎదిగే తీరులో తేడా, చాలావరకు పుట్టకముందే మొదలవుతుంది. జన్యువుల పాలు ఎక్కువ. మిగతా కారణాలు ఇంకా వెతుకుతూనే ఉన్నాం. వస పోయకపోవడం వల్ల కాదు, గ్రహణం వల్ల కాదు. మీ కోడలి తప్పు అసలే కాదు."

హరిత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆ మాట కోసం ఆమె ఎన్నాళ్ళు ఎదురుచూసిందో నాకు తెలుసు.

"మరి మా రోజుల్లో ఈ జబ్బే లేదుగా అమ్మా?" అంది నాంచారమ్మ.

"ఉంది మామ్మగారూ, పేరే లేదు. పిచ్చి, మూగ, మొద్దు అని అందర్నీ ఒకే గాటన కట్టేసేవాళ్ళు. మా వైద్యపుస్తకాల్లోనూ ఈ పేర్లు ఎన్నోసార్లు మారాయి. ఒకప్పుడు నాలుగైదుగా విడదీసినవాటిని ఇప్పుడు కలిపి ఆటిజమే అంటున్నాం."

నాంచారమ్మ మనవడివైపు తిరిగింది.

"మా తమ్ముడు శోభనాద్రి కూడా ఇంతేనమ్మా. పిలిస్తే పలికేవాడు కాదు. నూతి గిలక తిరుగుతుంటే చూసి నవ్వేవాడు. పిచ్చోడన్నారు. మా నాన్న వాణ్ణి నిజంగానే గొడ్లసావిట్లో గాటన కట్టేశాడు. అక్కడే పోయాడు." "వాడికీ ఇదేనా అమ్మా?"

"చూడకుండా చెప్పలేను మామ్మగారూ."

"పోనీ, ఇప్పుడైతే కట్టు విప్పేవాళ్ళా?"

మాటలు నేర్పేదాన్నని పేరుపడ్డ నేను చెత్తబుట్టలోంచి చూస్తూ ఉన్నాను. హరిత లేచి, కొడుకును తెచ్చి అత్తగారి ఒడిలో కూర్చోబెట్టింది.